మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి రిగ్లీ ఫీల్డ్‌లో

షికాగోలో ఉత్తరం వైపు వెళ్లే రెడ్ లైన్ రైలు ఆడిసన్ స్టేషన్‌లో ఆగేసరికి పెట్టెలో సగంమంది దిగిపోతారు. నీలం టోపీలు, నీలం చొక్కాలు. తాతలు, మనవలు, ఆఫీసుకు సెలవు పెట్టినవాళ్లు, సెలవు పెట్టకుండానే వచ్చేసినవాళ్లు. స్టేషన్ వీధికి ఎత్తున ఇనుప స్తంభాల మీద ఉంటుంది కాబట్టి మైదానం ప్లాట్‌ఫాం మీది నుంచే కనిపిస్తుంది. అమెరికాలో స్టేడియం అంటే హైవే పక్కన వేల కార్లు పట్టే ఖాళీ జాగా, దాని నడుమ ఓ పెద్ద కట్టడం. ఇక్కడ అలా ఉండదు. రెండు మూడంతస్తుల ఇటుక ఇళ్లు, బార్లు, చెట్లున్న సందులు, వాటి మధ్యలో మైదానం. ఒకపక్క ఆడిసన్ వీధి, ఇంకోపక్క క్లార్క్ వీధి, వెనకవైపు వేవ్‌లాండ్, షెఫీల్డ్ వీధులు. ఊరు పెరుగుతూ వచ్చి మైదానాన్ని చుట్టుకుంది. మైదానం మాత్రం 1914 నుంచి చోటు మారలేదు.

ఇది షికాగో కబ్స్ జట్టు సొంత మైదానం, రిగ్లీ ఫీల్డ్. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఇంతకంటే పాత మైదానం ఒక్కటే ఉంది. అది బోస్టన్‌లో 1912లో తెరిచిన ఫెన్వే పార్క్. రిగ్లీలో తొలి ఆట 1914 ఏప్రిల్ 23న జరిగింది. అంతకుముందు ఆ స్థలంలో లూథరన్ క్రైస్తవుల మత విద్యాలయం ఉండేది. చౌకగా, త్వరగా భోజనం పెట్టే హోటళ్ల వ్యాపారి చార్లెస్ వీగ్‌మన్ ఆ స్థలంలో దాదాపు రెండున్నర లక్షల డాలర్లతో మైదానం కట్టించాడు. కట్టింది కబ్స్ కోసం కాదు. అప్పట్లో పెద్ద లీగులకు పోటీగా పుట్టిన ఫెడరల్ లీగ్‌లోని తన సొంత జట్టు కోసం. 1915తో ఆ లీగ్ మూతపడింది. వీగ్‌మన్ కొందరు భాగస్థులతో కలిసి కబ్స్‌ను కొని 1916లో ఇక్కడికి తెచ్చాడు. ఆ భాగస్థుల్లో చూయింగ్ గమ్ తయారుచేసే విలియం రిగ్లీ ఒకరు. కొన్నేళ్లకు జట్టు, మైదానం రెండూ ఆయన చేతిలోకి వచ్చాయి, పేరూ ఆయనదే స్థిరపడింది.

ఈ మైదానానికి నక్షా గీసిన జాకరీ టేలర్ డేవిస్ అంతకు నాలుగేళ్ల ముందు నగరం దక్షిణ భాగంలో వైట్ సాక్స్ జట్టుకు కొమిస్కీ పార్క్‌ను రూపొందించాడు. 1991లో దాన్ని కూల్చేశారు, ఇప్పుడక్కడ కార్లు పెట్టుకుంటున్నారు. ఒకే మనిషి గీసిన రెండు మైదానాల్లో ఒకటి మిగిలింది. నల్లజాతి ఆటగాళ్లకు మేజర్ లీగ్ తలుపులు మూసి ఉన్న కాలంలో వాళ్ల ఈస్ట్-వెస్ట్ ఆల్‌స్టార్ ఆటలు ఏటేటా జరిగింది కొమిస్కీలోనే. ఆ గోడలు లేకుండా పోవడం బేస్‌బాల్‌కు తీరని నష్టమని నా అభిప్రాయం.

క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లకు ఈ ఆట గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇక్కడ ఓవర్లు లేవు. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో మూడు ఔట్లు. పిచ్చర్ బంతిని నేలకు తాకించకుండా నేరుగా విసురుతాడు. బ్యాటర్ దాన్ని తన ముందున్న తొంభై డిగ్రీల కోణంలోకే కొట్టాలి, వెనక్కిగానీ పక్కకిగానీ పోతే అది ఫౌల్. కొట్టి పరుగెత్తి నాలుగు బేస్‌లూ చుట్టి వస్తే ఒక పరుగు. ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు తొంభై అడుగులు. పిచ్చర్‌కూ బ్యాటర్‌కూ మధ్య అరవై అడుగుల ఆరంగుళాలు, 1893 నుంచి ఇంతే. ఈ కొలతలు కదల్లేదు కాబట్టే 1917లో ఒకడు చేసిన పనిని ఇవాళ ఇంకొకడు చేసిన పని పక్కన పెట్టి చూడగలుగుతున్నాం. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు హిట్ కొట్టినవాడు, అంటే బంతిని కొట్టి ఔటవకుండా బేస్ చేరినవాడు, ఇక్కడ గొప్పవాడు. మిగతా ఏడుసార్లు తలవంచుకుని వెనక్కి రావాల్సిందే. ఏడాదికి 162 ఆటలు, దాదాపు రోజూ ఒకటి. అందుకే ఓడిన రోజు రాత్రి దుఃఖానికి మర్నాడు మధ్యాహ్నం వరకే ఆయుష్షు.

తీగ, గాలి, అంకెల పలకలు

బేస్‌ల మధ్య దూరం అన్ని ఊళ్లలో ఒకటే. చివర ఉండే గోడ మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. దాని ఎత్తు, దూరం, వంపు మైదానాన్ని బట్టి మారతాయి. రిగ్లీలో ఎడమ చివర 355 అడుగులు, నడుమ 400, కుడి చివర 353. ఇటుక గోడ. దాని నిండా ఐవీ తీగ. 1937లో బిల్ వెక్ అనే కుర్రాడు నాటించాడు. అతని తండ్రి కబ్స్ అధ్యక్షుడిగా పనిచేసిన మనిషి, ఈ కుర్రాడు తర్వాత కాలంలో తానే జట్లకు యజమాని అయ్యాడు. ఏప్రిల్‌లో సీజన్ మొదలయ్యేటప్పుడు ఆ తీగ ఎండుపుల్లలా గోడకు అతుక్కుని ఉంటుంది. మే నెల సగానికి చిగురిస్తుంది. జూన్ వచ్చేసరికి ఇటుక కనబడనంత దట్టంగా కమ్ముకుంటుంది. సెప్టెంబరు చివర్లో ఎర్రబారడం మొదలవుతుంది. ఏ నెల ఆట చూస్తున్నామో గోడను చూసి చెప్పొచ్చు.

అప్పుడప్పుడు కొట్టిన బంతి ఆ ఆకుల్లోకి దూరి బయటికి రాదు. దానికి ఇక్కడి వాళ్లు సొంత నియమం పెట్టుకున్నారు. బంతి చిక్కుకుపోతే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తాలి. అంపైర్ ఆట ఆపి, బ్యాటర్‌కు రెండు బేస్‌లు ఇస్తాడు. చేతులెత్తకుండా ఆకుల్లోకి చెయ్యి పెట్టి వెతికితే మాత్రం ఆట నడుస్తున్నట్టే లెక్క, బ్యాటర్ ఎంత దూరమైనా పరుగెత్తవచ్చు. తెనాలి నుంచి వచ్చిన నాన్నను ఓ జూన్‌లో తీసుకెళ్లినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. లెఫ్ట్ ఫీల్డర్ గోడ దగ్గర నిలబడి చేతులెత్తాడు.

"బంతి దొరకలేదని వాడు చెప్తే ఒప్పేసుకుంటారా?" అన్నారు నాన్న.

"అంపైర్ వెళ్లి చూస్తాడు నాన్నా. నిజంగా ఇరుక్కుంటేనే ఒప్పుకుంటారు."

"మరి ఆ తీగ పీకేస్తే పోయేదానికి ఇంత నియమం ఎందుకురా?"

నేను జవాబు చెప్పేలోపు మా ముందు వరసలో కూర్చున్న పెద్దాయన, భాష తెలియకపోయినా నాన్న చెయ్యి చూపిస్తున్న వైపు చూసి, ఆ తీగ వయసెంతో, ఎవరు నాటారో తన ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. నేను తెలుగులో చెబుతూ పోయాను. తీగ పీకే ప్రశ్న అంతటితో ముగిసింది. ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని టెస్టు మ్యాచ్ కామెంటరీ విన్న తరం మా నాన్నది. ఆటలో తొందర లేకపోవడం ఆయనకు కొత్త కాదు. తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా కుర్చీలోంచి లేవలేదు.

తీగ కంటే ఆటను ఎక్కువగా మార్చేది గాలి. మిషిగన్ సరస్సు ఇక్కడికి మైలు కూడా ఉండదు. సరస్సు నుంచి గాలి లోపలికి వీస్తే, గోడ దాటి హోమ్ రన్ అవుతుందనుకున్న బంతి కూడా గోడకు ఇవతల ఫీల్డర్ చేతిలో పడుతుంది. బయటికి వీచిందా, మామూలు దెబ్బకే ఎగిరి వేవ్‌లాండ్ వీధిలో పడుతుంది. ఆ వీధిలో గ్లౌజు తొడుక్కుని బంతుల కోసం కాపుకాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత అభిమాని లోపలికి వచ్చాక మొదట చూసేది జెండాలు ఎటు ఎగురుతున్నాయో. 1979 మే 17న గాలి బయటికి వీచింది. ఫిలడెల్ఫియా 23, కబ్స్ 22. ఆ రోజు మొత్తం పదకొండు హోమ్ రన్లు, చివరిది స్కోరు సమమై సాగిన పదో ఇన్నింగ్స్‌లో ఫిలడెల్ఫియా ఆటగాడు మైక్ ష్మిట్ కొట్టింది. 1922 ఆగస్టు 25న ఇవే రెండు జట్లు ఇదే మైదానంలో ఆడితే కబ్స్ 26-23తో గెలిచింది. నలభై తొమ్మిది పరుగులు. మేజర్ లీగ్‌లో ఒక ఆటలో అంతకు మించి ఇంతవరకు రాలేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా 1917 మే 2 నాటి ఆట ఉంది. కబ్స్ పిచ్చర్ హిపో వాన్, సిన్సినాటి పిచ్చర్ ఫ్రెడ్ టోనీ. తొమ్మిది ఇన్నింగ్స్ గడిచినా ఇరుపక్కలా ఒక్కరూ హిట్ కొట్టలేకపోయారు. పదో ఇన్నింగ్స్‌లో సిన్సినాటికి గెలుపు పరుగు తెచ్చిపెట్టినవాడు జిమ్ థార్ప్. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండూ గెలిచిన ఆ థార్పే. ఈ ఆట చూసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. అయినా ఎవరు ఎవరికి బంతి విసిరారో, ఎవరు ఎక్కడ ఔటయ్యారో కాగితం మీద ఉంది. బేస్‌బాల్‌కు ఆ అలవాటు నేర్పినవాళ్లలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు మళ్లిన విలేఖరి. ఆటను చిన్న పట్టికలో ఇమిడ్చే పద్ధతిని స్థిరపరిచాడు. స్టాండ్స్‌లో పెన్సిలు పట్టుకుని స్కోరు కార్డు నింపేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఒక్కో ఫీల్డర్‌కు ఒక్కో అంకె. 6-4-3 అని రాశారంటే షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్ దగ్గరికి, అక్కడి నుంచి మొదటి బేస్‌కు బంతి వెళ్లి ఇద్దరు ఔటయ్యారని. ఆ కార్డు చూసి యాభై ఏళ్ల తర్వాత కూడా ఆటను మళ్లీ ఆడించుకోవచ్చు. నాకు ఈ ఆట మీద ప్రేమ కుదిరింది ఆ కార్డు నింపడం నేర్చుకున్నాకే.

నడుమ గోడ మీద ఆకుపచ్చ స్కోర్‌బోర్డు కూడా 1937 నాటిదే. దాని లోపల మనుషులుంటారు. నిచ్చెనలెక్కి, అంకెలున్న లోహపు పలకలను చేత్తో మారుస్తారు. ఇతర ఊళ్లలో జరుగుతున్న ఆటల స్కోర్లు కూడా అలాగే. కొట్టిన ఏ బేస్‌బాలూ ఇంతవరకు దాన్ని తాకలేదు. 1951లో శామ్ స్నీడ్ అనే గోల్ఫ్ ఆటగాడు హోమ్ ప్లేట్ దగ్గర నిలబడి గోల్ఫ్ బంతితో కొట్టి తాకించాడు. ఆట ముగిశాక బోర్డు మీది స్తంభానికి జెండా ఎక్కుతుంది. కబ్స్ గెలిస్తే తెల్లని గుడ్డ మీద నీలి రంగు డబ్ల్యూ, ఓడితే నీలం గుడ్డ మీద తెల్లని ఎల్. సాయంత్రం రైల్లో ఇంటికి పోయేవాళ్లు కిటికీలోంచి చూసి ఫలితం తెలుసుకునేవాళ్లు. చేతిలో ఫోను ఉన్నా ఇప్పటికీ ఆ వైపు తల తిప్పి చూస్తారు.

పగలే ఆడాలి

రిగ్లీ ఫీల్డ్ అభిమానుల్ని కన్నది గెలుపులు కావు, మధ్యాహ్నాలు. ఈ మైదానం గురించి నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

1920లలో చాలామంది యజమానులు రేడియోను చూసి భయపడ్డారు. ఇంట్లో ఊరికే వింటే డబ్బిచ్చి టికెట్టు ఎవరు కొంటారని వాళ్ల లెక్క. విలియం రిగ్లీ వేరుగా ఆలోచించాడు. షికాగో స్టేషన్లకు తన జట్టు ఆటలు చెప్పుకోనిచ్చాడు. మధ్యాహ్నం ఇంట్లో పనులు చేసుకుంటూ ఆట విన్న ఆడవాళ్లు, ఉచిత ప్రవేశం ఉండే లేడీస్ డే నాడు పిల్లల్ని వెంటేసుకుని మైదానానికి కదిలారు. 1930 జూన్ 27న అలాంటి రోజు 51,556 మంది వచ్చారు, వాళ్లలో ముప్పై వేలకు పైగా ఆడవాళ్లే. ఇప్పటి రిగ్లీలో పట్టేది నలభై ఒక్కవేల పైచిలుకు.

ఇతర మైదానాలకు 1935 నుంచి ఒక్కొక్కటిగా ఫ్లడ్‌లైట్లు వచ్చాయి. కబ్స్‌ను తండ్రి నుంచి అందుకున్న ఫిలిప్ రిగ్లీ కూడా 1942 సీజన్ కోసం దీపాలు, ఉక్కు కొని ఉంచాడు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. ఆ సామగ్రి మొత్తం యుద్ధ అవసరాలకు ఇచ్చేశాడు. యుద్ధం ముగిశాక మళ్లీ దాని జోలికి పోలేదు. మిగతా మేజర్ లీగ్ మైదానాలన్నింటిలో 1948 నాటికి దీపాలు వెలిగాయి. రిగ్లీ మరో నలభై ఏళ్లు ఎండలోనే ఆడింది.

అయితే రిగ్లీలో మొదటి రాత్రి ఆట 1988లో జరిగిందని రాసే ప్రతిచోటా ఒక విషయం వదిలేస్తుంటారు. యుద్ధకాలంలో మగ ఆటగాళ్లు సైన్యంలోకి పోతుంటే ఫిలిప్ రిగ్లీ 1943లో ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ స్థాపించాడు. ఆటగత్తెల ఎంపిక కూడా ఈ మైదానంలోనే జరిగింది. ఆ ఏడాది జులై 1న తాత్కాలికంగా దీపాలు అమర్చి, సైన్యంలో మహిళల భర్తీ ప్రచారం కోసం ఆ లీగ్ ఆల్‌స్టార్ ఆట ఆడించారు. అంటే రిగ్లీలో దీపాల కింద ముందుగా బ్యాటు పట్టింది ఆడవాళ్లు. మగవాళ్ల కంటే నలభై అయిదేళ్ల ముందు. ఆ మాట మైదానం గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంకో మధ్యాహ్నం 1947 మే 18. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుతో జాకీ రాబిన్సన్ వచ్చాడు. ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడిగా అడుగుపెట్టి అప్పటికి ఇంకా అయిదు వారాలే. నగరం దక్షిణ భాగం నుంచి నల్లజాతి కుటుంబాలు చర్చికి వెళ్లేటప్పటి మంచి బట్టలు కట్టుకుని రైళ్లెక్కి ఉత్తరానికి వచ్చాయి. టికెట్టు కొన్నవాళ్లే 46,572 మంది. మామూలు సీజన్ ఆటల్లో, టికెట్టు కొన్నవాళ్ల లెక్కన, ఈ మైదానంలో ఆ సంఖ్య ఇప్పటికీ రికార్డే. ఆ రోజు రాబిన్సన్ ఒక్క హిట్ కూడా కొట్టలేదు. బ్రూక్లిన్ గెలిచింది. హిట్ కోసం రాలేదు వాళ్లు, అతను అక్కడ నిలబడి ఉండటం చూడ్డానికి వచ్చారు.

కబ్స్ తమ జట్టులోకి నల్లజాతి ఆటగాడిని దించడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. అది మచ్చే. ఆ ఆటగాడు ఎర్నీ బ్యాంక్స్, 1953 సెప్టెంబరు 17న వచ్చాడు. పందొమ్మిది సీజన్లు, 2,528 ఆటలు, 512 హోమ్ రన్లు. 1958, 1959 వరస ఏడాదుల్లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు. ఇన్ని చేసినా సీజన్ తర్వాత జరిగే ఛాంపియన్‌షిప్ పోటీల్లో ఒక్క ఆట కూడా ఆడే అదృష్టం దక్కలేదు. జట్టు అంత బలహీనంగా ఉండేది. అయినా ఎండ బాగుంది, ఇవాళ ఒకటి కాదు రెండాటలు ఆడదాం అనేవాడు. ఆ మాట ఇప్పుడు మైదానం బయట అతని విగ్రహం కింద చెక్కి ఉంది. గెలిచే జట్టులో ఆ మాట ఎవరైనా అంటారు. బ్యాంక్స్ ఏ జట్టులో ఉండి అన్నాడో తెలిస్తే దాని బరువు తెలుస్తుంది.

ఆ రోజుల్లో షికాగో పిల్లాడు బడి వదిలాక మూడు గంటలకు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి టీవీ పెడితే డబ్ల్యూజీఎన్ ఛానెల్లో ఏడో ఇన్నింగ్స్ నడుస్తుండేది. డబ్బు కట్టక్కర్లేదు. జాక్ బ్రిక్‌హౌస్, ఆయన తర్వాత 1982 నుంచి హ్యారీ క్యారీ వ్యాఖ్యానం. 1970ల చివర్లో ఆ ఛానెల్ ఉపగ్రహం ఎక్కాక, కబ్స్ ఊరిని ఎన్నడూ చూడని పిల్లలు కూడా, వేరే రాష్ట్రాల్లో, బడి నుంచి వచ్చి కబ్స్ అభిమానులయ్యారు. ఆ వేళకి ఆడుతున్న జట్టు వేరే లేదు కదా. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో హ్యారీ క్యారీ వ్యాఖ్యాతల గదిలోంచి మైకు బయటికి చాపి 'టేక్ మీ అవుట్ టు ద బాల్ గేమ్' అనే పాట ఎత్తుకుంటే నలభై వేలమంది గొంతు కలిపేవారు. ఆయన 1998లో పోయినా పాట ఆగలేదు. ఎవరో ఒకరు అదే కిటికీలోంచి పాడిస్తారు. ఆ పాట వెలువడింది 1908లో. కబ్స్ ఛాంపియన్లయిన ఏడాది అదే.

1988 ఆగస్టు 8న ఆఖరికి దీపాలు వెలిగాయి. దీపాల్లేకపోతే ఛాంపియన్‌షిప్ పోటీల సొంత ఆటలు సెయింట్ లూయిస్‌లో ఆడాల్సి వస్తుందని లీగ్ హెచ్చరించింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు రాత్రి గోల వద్దని పోరాడారు. నగర సభ చివరికి రాత్రి ఆటల సంఖ్యకు పరిమితి పెట్టి ఒప్పుకుంది. తొంభై ఒక్కేళ్ల అభిమాని చేత స్విచ్ వేయించారు. నాలుగు ఇన్నింగ్స్ పూర్తికాకముందే కుండపోత వాన. ఆట రద్దు. రికార్డుల్లో మొదటి రాత్రి ఆట మర్నాడు, ఆగస్టు 9 నాటిది, అందులో న్యూయార్క్ మెట్స్ మీద కబ్స్ 6-4తో గెలిచింది. నేను దీపాలకు వ్యతిరేకిని కాను. పగలంతా పనిచేసే మనిషికీ ఆట అందాలి. నగరం పెట్టిన పరిమితి పుణ్యమా అని కబ్స్ ఇప్పటికీ ఇతర జట్ల కంటే ఎక్కువ ఆటలు పగలే ఆడుతోంది. మధ్యాహ్నం 1:20 అంటే షికాగోలో దేని గురించో చెప్పక్కర్లేదు.

నూట ఎనిమిదేళ్లు

1908 తర్వాత కబ్స్ మళ్లీ ఛాంపియన్ కావడానికి 2016 దాకా పట్టింది. 1945లో ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌కు ఓ బార్ యజమాని తన మేకను తీసుకొస్తే వెళ్లగొట్టారని, అతను శపించాడని ఒక కథ ఉంది. నాకు ఆ కథంటే ఇష్టం లేదు. అది ఎవరి తప్పునైనా మేక మీదికి తోసేస్తుంది. తప్పులు చేసినవాళ్లు మనుషులు. ఫిలిప్ రిగ్లీ మైదానం అందం మీద పెట్టిన శ్రద్ధ జట్టు మీద పెట్టలేదు. 1961లో మేనేజరే వద్దని కోచ్‌ల బృందాన్ని పెట్టి, వంతులవారీగా జట్టును నడిపించాడు. 1964 జూన్‌లో లూ బ్రాక్ అనే యువకుడిని సెయింట్ లూయిస్‌కు ఇచ్చేశారు. అతను కెరీర్ మొత్తంలో మూడు వేలకు పైగా హిట్లు, పిచ్చర్ కళ్లు గప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తే 938 బేస్ దొంగతనాలతో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. ఇందులో శాపం ఎక్కడుంది?

2003లో వరల్డ్ సిరీస్‌కు అయిదు ఔట్ల దూరంలో ఉండగా, స్టాండ్స్ అంచున పడబోతున్న ఫౌల్ బంతి కోసం ఓ అభిమాని చెయ్యి చాపాడు. పక్కనున్న వాళ్లూ చాపారు. తగిలింది అతని చేతికి. ఆ తర్వాత ఎనిమిది పరుగులు ఇచ్చింది మైదానంలోని జట్టు. ఊరు మాత్రం ఆ కుర్రాడి మీద పడింది. భద్రతా సిబ్బంది కాపలాలో బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. కబ్స్ చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఏ ఓటమీ కాదు, ఆ రాత్రి. 2017లో క్లబ్బు అతనికి ఛాంపియన్‌షిప్ ఉంగరం ఇచ్చింది. చేయాల్సిన పనే చేసింది, ఆలస్యంగా.

2016 వరల్డ్ సిరీస్‌లో క్లీవ్‌లాండ్ 3-1తో ముందుంది. కబ్స్ వరసగా మూడు గెలవాలి, గెలిచింది. నవంబరు 2న క్లీవ్‌లాండ్‌లో మొదలైన ఏడో ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌కు 6-6. పదిహేడు నిమిషాలు వాన. పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ ఆటగాడు బెన్ జోబ్రిస్ట్ రెండు బేస్‌ల హిట్, 8-7. అర్ధరాత్రి దాటింది. రిగ్లీలో ఆ రాత్రి ఆట లేదు, అయినా వేలమంది ఆ వీధుల్లోనే ఉన్నారు. సిరీస్ నడుస్తున్న రోజుల్లో ఎవరో సుద్దముక్కతో మైదానం బయటి ఇటుకల మీద చనిపోయిన తమవాళ్ల పేరు రాశారు. తర్వాత ఇంకొకరు. వేవ్‌లాండ్ వైపు, షెఫీల్డ్ వైపు, చేయి అందినంత ఎత్తున గోడలు నిండిపోయాయి. అమ్మల పేర్లు, తాతల పేర్లు, వాళ్లు పుట్టి పోయిన ఏళ్లు. ఎర్నీ బ్యాంక్స్ 2015 జనవరిలోనే వెళ్లిపోయాడు.

ఇప్పటి ఆట

ఆట పాతదైపోయిందని, కుర్రాళ్లకు విసుగని కొన్నేళ్లు అందరూ అన్నారు. విసుగు నిజమే. పిచ్చర్ బంతి పట్టుకుని ఆలోచించడం, బ్యాటర్ గ్లౌజు బిగించుకోవడం, ఇలా 2021లో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున మూడు గంటల పది నిమిషాలకు చేరింది. 2023లో గడియారం పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పదిహేను సెకన్లలో బంతి విసరాలి. ఒక్క ఏడాదిలో ఆట రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. పాతకాలం మనుషులు కొందరు గగ్గోలుపెట్టారు, నేను మాత్రం సంతోషించాను. 1940లలో ఆట రెండు గంటల చుట్టూనే అయిపోయేది. గడియారం ఆటను మార్చలేదు, దాని పాత నడక దానికి తిరిగిచ్చింది.

పాత లెక్కలూ మారుతున్నాయి. 1920 నుంచి 1948 వరకు నల్లజాతి లీగ్‌లలో ఆడినవాళ్ల గణాంకాలను 2024 మే నెలలో మేజర్ లీగ్ తన రికార్డుల్లో కలుపుకుంది. దాంతో కెరీర్ బ్యాటింగ్ సగటులో టై కాబ్ రెండోవాడయ్యాడు, మొదటివాడు .372తో జాష్ గిబ్సన్. గిబ్సన్ 1947 జనవరిలో, రాబిన్సన్ మేజర్ లీగ్‌లో దిగడానికి మూడు నెలల ముందు చనిపోయాడు. బ్యాంక్స్ 1950లలో కాన్సస్ సిటీ మోనార్క్స్ అనే నల్లజాతి జట్టుకు ఆడిన ఆటలు ఈ లెక్కలోకి రాలేదు, అవి 1948 తర్వాతివి కాబట్టి.

రిగ్లీలోనూ మార్పులొచ్చాయి. 2009లో యాజమాన్యం రికెట్స్ కుటుంబానికి వచ్చింది. 2014 సీజన్ ముగిశాక మరమ్మతులు మొదలుపెట్టి కాంక్రీటు బలపరిచారు, గదులు మార్చారు, 2015లో ఎడమవైపు భారీ వీడియో తెర పెట్టారు. ఒకప్పుడు ఎదురిళ్ల మేడల మీద కుర్చీలు వేసుకుని ఊరికే ఆట చూసేవాళ్లు. తర్వాత ఆ మేడలే టికెట్టు పెట్టి అమ్మే వ్యాపారమయ్యాయి, వాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు క్లబ్బు యజమానులవే. 2020లో ఈ మైదానాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. తెర నాకు పెద్దగా అడ్డు కాదు. కాంక్రీటు పెచ్చులు ఊడి పడుతున్న మైదానాన్ని బాగుచేయక తప్పదు కూడా.

నా భయం వేరే. 2019తో కబ్స్ ఆటలు డబ్ల్యూజీఎన్‌లో ఆగిపోయాయి. 2020 నుంచి క్లబ్బుకు సొంత ఛానెల్ ఉంది, అది డబ్బు కట్టినవాళ్లకే. మూడు గంటలకు బడి నుంచి వచ్చే పిల్లాడు టీవీ పెడితే ఇప్పుడు ఆట ఊరికే రాదు. వేసవి వారాంతంలో నలుగురున్న కుటుంబం మైదానానికి వెళ్లాలంటే నెల ఖర్చుల్లో ఏదో ఒకటి తగ్గించుకోవాలి. ఊరికే విననిచ్చి, ఊరికే చూడనిచ్చి, ఆడవాళ్లకు గేటు తెరిచి వందేళ్ల అభిమానాన్ని కూడబెట్టిన జట్టు ఇది. ఆ కూడబెట్టిన దాన్ని ఖర్చుపెట్టుకుంటూ కూర్చుంటే ఎన్నాళ్లు వస్తుంది? వారానికి ఒక మధ్యాహ్నపు ఆటనైనా మళ్లీ అందరికీ కనిపించేలా వదలాలి. లేడీస్ డే లెక్కన బడిపిల్లల రోజు పెట్టాలి. కబ్స్ యాజమాన్యపు కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి తెలియదని నేను అనుకోను.

షికాగో శివార్లలో, నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వైపు, తెలుగువాళ్లు బాగా పెరిగారు. పిల్లలు అక్కడి లిటిల్ లీగ్ జట్లలో ఆడుతున్నారు. శనివారం పొద్దున గ్లౌజు, సాయంత్రం క్రికెట్ బ్యాటు, రెండూ కారు డిక్కీలోనే. ఊరి నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు నయాగరా చూపిస్తారు, గుళ్లకు తీసుకెళ్తారు. రిగ్లీకి కూడా తీసుకెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో వారం మధ్య మధ్యాహ్నపు ఆటకైతే టికెట్లు చౌకగా దొరికే వీలెక్కువ, కానీ సరస్సు గాలికి ఒళ్లు కొరుకుతుంది, పెద్దవాళ్లకు శాలువా తప్పనిసరి. కారులో వెళ్లకండి, అక్కడ పెట్టుకునే జాగా లేదు. లోపలికి వెళ్లగానే జెండాలు ఎటు వీస్తున్నాయో చూడండి. గేటు దగ్గర స్కోరు కార్డు కొనండి, పెన్సిలు కూడా అక్కడే దొరుకుతుంది. మొదటి రెండు ఇన్నింగ్స్ తప్పులు పోతాయి, ఫర్వాలేదు, పక్కనున్నవాళ్లను అడిగితే చెబుతారు.